నీడను పట్టే చేతులు

హనుమంతుడు సముద్రం మీద ఎగురుతున్నాడు. తెల్లటి తెర మీద పచ్చటి ఒళ్లు, నెత్తి మీదుగా మెలి తిరిగిన తోక. కింద నీళ్లలోంచి ఓ నల్లటి నోరు పైకి లేచింది. సింహిక. ఆమె హనుమంతుణ్ణి పట్టుకోలేదు, అతని నీడను పట్టుకుంది. ఎగిరే ప్రాణుల నీడ పట్టి కిందికి లాగి మింగడం ఆ రాక్షసి పని. నీడ చిక్కగానే హనుమంతుడు గాల్లో ఆగిపోయాడు. అప్పటిదాకా దద్దరిల్లిన చెక్కల మోత ఆగింది. హార్మోనియం ఒక్క స్వరం మీద నిలబడిపోయింది.

ధర్మవరం పక్క పల్లెలో, శివరాత్రి జాగారంలో, చిన్నప్పుడు చూసిన తోలుబొమ్మలాట అది. "నీడను పట్టుకుంటే మనిషెట్ల ఆగిపోతాడవ్వా?" అని మా అవ్వను అడిగాను. "ఈడ ఉండేదంతా నీడే కదప్పా" అనింది, తెర మీంచి కళ్లు తిప్పకుండానే.

ఆ మాట చాలా ఏళ్లు నాతోనే ఉంది. పెద్దయ్యాక పారిస్ చిత్రకారుల పుస్తకాలు చేతికొచ్చాయి. 1924లో ఆంద్రే బ్రెతా సర్రియలిజం ప్రణాళిక ప్రకటించాడు. మెలకువలో ఉన్న బుద్ధి కాసే కాపలాను తప్పించుకుని, కల ఎట్లా నడుస్తుందో అట్లా రాయాలి, గీయాలి అన్నాడు. మనవాళ్లు దాన్ని అధివాస్తవికత అన్నారు. శ్రీశ్రీ, శ్రీరంగం నారాయణబాబు ఆ గాలిని తెలుగు కవిత్వంలోకి తెచ్చారు. డాలీ, మాగ్రిట్, మాక్స్ ఎర్నెస్ట్‌ల బొమ్మలు చూసినప్పుడల్లా నాకు మా ఊరి తెరే గుర్తొచ్చేది. మాగ్రిట్ 1934లో సముద్రపు ఒడ్డున ఒక ప్రాణిని పడుకోబెట్టాడు. నడుము పైన చేప, నడుము కింద ఆడమనిషి కాళ్లు. చూసేవాళ్లను ఉలిక్కిపడేలా చేయడానికే వేసిన బొమ్మ అది. మా వైపు మైరావణ చరిత్ర ఆడే రాత్రి మత్స్యవల్లభుడు తెర మీదికి వస్తాడు. సగం కోతి, సగం చేప. హనుమంతుడి కొడుకు. అతన్ని చూసి ఎవరూ ఉలిక్కిపడరు. తండ్రీకొడుకులు ఒకరినొకరు ఎప్పుడు గుర్తుపడతారా అని జనం ఊపిరి బిగబట్టి చూస్తారు. ముసలమ్మలు కొంగుతో కళ్లొత్తుకుంటారు.

నేను చెప్పదలచుకున్నది ఈ తేడా గురించే. కలలో కనబడే వింతను గీయగలవాళ్లు ప్రపంచంలో చాలామంది ఉన్నారు. ఆ వింతకు కీళ్లు పెట్టి, పుల్ల కట్టి, రాత్రంతా నడిపించి, దాని కోసం ఒక ఊరినంతా ఏడిపించడం వేరే విద్య. ఆ విద్య తెలిసిన చేతులు ఇంకా ఉన్న ఊరు నిమ్మలకుంట.

ధర్మవరం మండలంలో ఉంది నిమ్మలకుంట. 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు కాగితాల్లో శ్రీ సత్యసాయి జిల్లా. నేల మాత్రం అదే. ఎర్రమన్ను, గుండ్లు, బుడ్డల చేలు, ఎండిన చెరువులు. ఏడాదికంతా కలిపి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ పడితే. నైరుతి మబ్బులు పడమటి కనుమల మీదే కురిసేస్తే ఇవతల మిగిలిన పీఠభూమి ఇది. భూగోళం పుస్తకంలో వర్షచ్ఛాయా ప్రాంతం అని రాసి ఉంటుంది. వాన నీడ. బడిలో ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు సింహికే కళ్ల ముందు మెదిలింది, ఎవరో మబ్బుల నీడ పట్టి లాగేస్తున్నట్టు.

కరువుకూ ఈ ఆటకూ లంకె ఉంది. విరాటపర్వం చదివితే, ఆడితే వాన పడుతుందని తెలుగునాట పాత నమ్మకం. మబ్బు మొహం చాటేసిన ఏడు ఊరంతా చందాలేసుకుని బొమ్మలాటవాళ్లను పిలిపించేవాళ్లు. చేతిలో గింజ లేని ఏడాదే చేయెత్తి ఖర్చు పెట్టేవాళ్లన్నమాట. నాకు ఇది మూఢత్వంగా ఎప్పుడూ అనిపించలేదు. పాండవులు పేర్లు మార్చుకుని, వేషాలు మార్చుకుని, ఒకరి కొలువులో తలదాచుకుని ఏడాది గడిపి బయటపడిన కథ అది. పనుల కోసం బెంగళూరు రైలెక్కే ఊళ్లకు ఆ కథ ఎందుకంత దగ్గరో వేరే చెప్పనక్కర్లేదు.

ఆట ఆడే కుటుంబాల ఇంటి మాట మరాఠీ కలిసినది. తెర వెనక కూర్చుంటే మాత్రం నిక్కమైన తెలుగు. గోన బుద్ధారెడ్డి 13వ శతాబ్దంలో రాసిన రంగనాథ రామాయణం ద్విపదలు, తిక్కన పద్యాలు, మధ్యలో సొంత వచనం. పుస్తకం ముందు పెట్టుకుని ఎవరూ పాడరు, అన్నీ నోటికే. మగవాళ్లూ ఆడవాళ్లూ కలిసి ఆడతారు. సీత గొంతు, మండోదరి గొంతు ఆడవాళ్లదే. ఈ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. చిన్నతనం నుంచీ తెర వెనకే పెరిగిన మనిషి. దళవాయి అంటే సేనాని. ఆయన సేనంతా మడిచి పెట్టిన తోలుగా పెట్టెలో పడుకుని ఉంటుంది.

ఇక ఆ తోలు సంగతి. చెప్పుల తోలులా దీన్ని తంగేడు చెక్కలో ఊరేయరు. ఊరేస్తే మెత్తబడుతుంది, మన్నుతుంది, కానీ వెలుతురును మింగేస్తుంది. అందుకని పచ్చి తోలును గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలూ లోపలి పొరా గీకి, మేకులు కొట్టి బిగలాగి ఎండలో ఆరబెడతారు. ఈ నేలకు కొదవ లేనిది ఎండొక్కటే, తోలుకు కావాల్సిందీ అదే. ఆరిన తోలు వెనక చెయ్యి పెడితే వేళ్లు మసకగా కనిపిస్తాయి. ఆ మసక మీదే పనంతా ఆధారపడి ఉంది.

పూర్వం దేవుళ్లకు జింక తోలు, మామూలు పాత్రలకు మేక తోలు, రాక్షసులకు దున్న తోలు వాడేవాళ్లు. దున్న తోలు మందం. వెలుతురు అందులోంచి తక్కువ దూరుతుంది కాబట్టి రాక్షసుడు తెర మీద బరువుగా, చీకటిగా కనిపిస్తాడు. జింక తోలు పలచన, దేవుడు వెలుగుతాడు. పాత్ర గుణం రంగులోకి రాకముందే తోలులోకి వచ్చేసిందన్నమాట. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జింక తోలు పోయింది. ఇప్పుడు ఎక్కువగా మేక తోలే. రావణాసురుడికి కనీసం నాలుగు తోళ్లు కావాలి: ఒంటికి ఒకటి, కాళ్లకు ఒకటి, ఐదైదు చేతుల గుత్తులకు రెండు. తయారయ్యాక ఆ బొమ్మ మనిషి ఎత్తు ఉంటుంది. తోలుబొమ్మలాడే దేశాలు చాలా ఉన్నా ఇంత పెద్ద బొమ్మలు అరుదు.

గీత గీయడంలో ఒక విచిత్రం ఉంది. ముఖం పక్కకు తిరిగి ఉంటుంది. రొమ్ము ఎదురుగా ఉంటుంది, రెండు భుజాలూ కనిపిస్తాయి. పాదాలు మళ్లీ పక్కకు. ఏ మనిషీ అట్లా నిలబడలేడు. నిలబడాల్సిన పనీ లేదు. రెండు భుజాలూ తెర మీద కనబడితేనే రెండు చేతులకూ కీలు పడుతుంది. ముక్కూ గడ్డమూ పక్క నుంచి చూస్తేనే వెలుగులో మనిషి ఎవరో తెలుస్తుంది. ఒళ్లు ఆడడానికి ఏ దిక్కు నుంచి పనికొస్తుందో ఆ దిక్కు నుంచి ఒక్కో భాగాన్ని తీసి కలిపారు. చూసే మనకు అది కలలా ఉంటుంది. చేసినవాళ్లకు అది కొలత.

ఇట్లాంటి ఆలోచన ఈ నేల మీద పాతదే. హిందూపురం పక్కన లేపాక్షిలో 16వ శతాబ్దపు వీరభద్రాలయం ఉంది. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ కట్టించాడంటారు. ఆ గుడి పైకప్పు రంగుల బొమ్మల్లోనూ పక్కకు తిరిగిన ముఖాలే, కోటేరు ముక్కులే, ఒళ్లంతా గళ్లూ చుక్కలూ అల్లిన బట్టలే. నిమ్మలకుంట బొమ్మ పక్కన పెడితే అక్కాచెల్లెళ్లంటారు. అదే గుడిలో ఒక ఆవు చెక్కడం ఉంది. ఒళ్లు ఒక్కటే, తలలు మూడు. చేత్తో ఏ రెండు తలలు మూసినా మిగిలింది నిండైన ఆవు: ఒకసారి గడ్డి మేస్తున్నట్టు, ఒకసారి మోరెత్తినట్టు. ఒకే బొమ్మలో రెండు బొమ్మలు దాచే పనిని డాలీ జీవితమంతా సాధన చేశాడు. మన శిల్పి పేరు కూడా చెప్పుకోకుండా రాతిలో చెక్కి వెళ్లిపోయాడు.

మళ్లీ నిమ్మలకుంటకు వస్తాను. ఒక ఇంటి వసారాలో ఓ అక్క మొద్దు మీద తోలు పరిచి కన్నాలు కొడుతోంది. చేతికందేలా ఉలులు. ఒకదాని మొన గుండ్రం, ఒకటి నెలవంక, ఒకటి బియ్యపు గింజ, ఒకటి సన్నటి గీటు. సుత్తి దెబ్బ ఒకే వరసన పడుతోంది, టక్ టక్ మని, వంటింట్లో ఎవరో మసాలా దినుసులు దంచుతున్నట్టు. రాముడి కిరీటం చేస్తోంది. నాలుగు నెలవంకలు చుట్టూ, నడిమధ్య గుండ్రటి కన్నం, అది ఒక పువ్వు. పువ్వు పక్కన పువ్వు, మధ్యలో చుక్కల వరస. పది నిమిషాలకోసారి తోలును గడప వెలుతురుకు ఎత్తి ఒక కన్ను మూసి చూస్తోంది. 

"ఒక్క కిరీటానికి ఎన్ని కన్నాలక్కా?"

"ఎవరు లెక్కబెట్టినారన్నా. వెలుతురు చాలినంక నిలిపేస్తాం."

ఆమె చేతిలో ఉన్న తోలును నేనూ ఎత్తి చూశాను. మొద్దు మీద ఉన్నప్పుడు చిరుగుల్లా కనబడినవి గడప ముందు రత్నాలయ్యాయి. రంగుతో నగ గీస్తే రాత్రి తెర మీద అది మచ్చలా ఉంటుంది. తోలు తీసేసిన చోట దీపమే నేరుగా తెర మీద పడుతుంది, కాబట్టి బొమ్మ మొత్తంలో అన్నిటికంటే ఎక్కువ మెరిసేవి ఆ కన్నాలే. హారం, వడ్డాణం, భుజకీర్తులు, చీర అంచు, అన్నీ లేనితనంతోనే చేస్తారు. అయితే ఎక్కువ తొలిస్తే తోలు చినుగుతుంది. ఎక్కడ ఆపాలో చేతికి తెలియాలి. బొమ్మల పని మొత్తంలో నాకు అన్నిటికంటే కష్టంగా కనబడింది ఈ ఆపడమే.

రంగు తోలుకు రెండు వైపులా పడుతుంది. వెనక వైపు వదిలేస్తే వెలుతురు వెనక నుంచి వస్తుంది కాబట్టి వెలవెలబోతుంది. పూర్వం ఆకుల నుంచీ చెక్కల నుంచీ తీసిన రంగులు, ఇప్పుడు కొన్న సిరా రంగులు. ఏదైనా నీళ్లలా పలచగా ఉండాలి, సున్నంలా కప్పేసే రంగు పనికిరాదు. ఎరుపు, పచ్చ, నీలం, నలుపు. పసుపు అనిపించేది చాలా చోట్ల రంగే కాదు, ఉత్త తోలు.

ఆ తర్వాత కీళ్లు. విడివిడిగా కత్తిరించిన చేతినీ భుజాన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి, కన్నం చేసి, దారం దూర్చి రెండు వైపులా ముడి వేస్తారు. భుజం దగ్గర ఒకటి, మోచేతి దగ్గర ఒకటి. చెప్పడానికి ఇంతే. ముడి బిగిసిందా, ఎత్తిన చెయ్యి గాల్లోనే ఉండిపోతుంది. వదులయిందా, చచ్చిన చేయిలా వేలాడుతుంది. విడిచిపెట్టగానే మెల్లగా, మనిషి చెయ్యి దించినట్టు దిగాలి. రెండు తోళ్లు ఒకదాని మీద ఒకటి పడ్డ చోట నీడ చిక్కబడుతుంది కదా, అందుకే కాబోలు చాలా బొమ్మల్లో సరిగ్గా అక్కడే ఒక దండకడియమో పువ్వో తొలిచి ఉండడం గమనించాను. అతుకును నగలో దాచారు. తల నుంచి నడుం దాకా చీల్చిన పుల్ల మధ్యలో బొమ్మను ఇరికిస్తారు. చేతులకు వేరే పుల్లలు. కాళ్లు చాలావాటికి ఊరికే వేలాడుతుంటాయి. నడిపేవాడు ఒళ్లు ఊపితే అవే నడుస్తాయి. జర్మనీలో లోటె రైనిగర్ అనే ఆవిడ నల్ల అట్ట బొమ్మలకు తీగతో కీళ్లు కట్టి 1926లో రాకుమారుడు అహ్మద్ కథను పూర్తి నిడివి సినిమాగా తీసింది. గొప్ప పని. ఆమె బొమ్మ వెంట్రుకవాసి కదిలిన ప్రతిసారీ ఆగి కెమెరాలో బంధించేది. మనవాళ్ల బొమ్మకు ఆగే వీలు లేదు. ఎదురుగా ఊరు కూర్చుని ఉంటుంది.

తెర వెనక సంసారం చూడాలి. పంచెలు కలిపి కుట్టిన తెర. పూర్వం ఆముదం దీపాలు, ఆపైన పెట్రోమాక్సు, ఇప్పుడు కరెంటు బల్బు. కొలువులో కూర్చున్న పాత్రలను ముళ్లతో తెరకు గుచ్చి వదిలేస్తారు. మాట్లాడే బొమ్మ ఒక్కటే చేతిలో ఉంటుంది. కాళ్ల కింద చెక్కలు. బాణం తగిలినప్పుడు, గద పడినప్పుడు వాటిని తొక్కితే గుండె అదిరే చప్పుడు. పాడే నోరు, ఆడించే చేతులు, తొక్కే కాళ్లు, మూడూ ఒక్క మనిషివే. బొమ్మను తెరకు అదిమితే గీతలన్నీ నిక్కచ్చిగా తేలతాయి. దీపం వైపు వెనక్కి లాగితే పెరుగుతుంది, చెదురుతుంది, పొగలా పలచబడి మాయమవుతుంది. కనబడడం, పెరగడం, అంతర్ధానం అవడం, ఒక్క జానెడు దూరంలో జరిగిపోతాయి. చిన్నప్పుడు సింహిక పట్టిన హనుమంతుడు ఉన్నట్టుండి కొండంత అయింది ఇందుకేనని పెద్దయ్యాక తెర వెనక నిలబడి చూసి తెలుసుకున్నాను. తెలిశాక కూడా ముందుకొచ్చి కూర్చుంటే ఒళ్లు గగుర్పొడిచింది.

ఆముదం దీపానికి మరో గుణం ఉండేది. మంట కదులుతుంది, దాంతో ముళ్లకు గుచ్చిన బొమ్మలు కూడా ఊపిరి పీలుస్తున్నట్టుండేవి. బల్బు నిలకడగా వెలుగుతుంది. మంట చేసే పని ఇప్పుడు చెయ్యి చేయాలి.

లంక తగలబడుతుంటే, సీత ఏడుస్తుంటే, నడుమ జుట్టుపోలిగాడూ బంగారక్కా దూరతారు. పిలక ఎగరేసుకుంటూ వాడు, చేతులు తిప్పుకుంటూ ఆమె. ఇంట్లో బియ్యం లేవని, రేషన్ కార్డు రాలేదని కొట్లాట. కేతిగాడొచ్చి మంట ఎగదోస్తాడు. మాటలు బూతుకు అంచున నడుస్తాయి, పిల్లలు పొర్లి పొర్లి నవ్వుతారు. వాళ్లు తప్పుకోగానే సీత దుఃఖం ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలవుతుంది. పొంతన లేని రెండింటిని పక్కపక్కన పెట్టి మనసును కదిలించడం పారిస్ వాళ్ల సూత్రం. ఈ తెర మీద త్రేతాయుగమూ రేషన్ కార్డూ పక్కపక్కనే కూర్చుంటాయి, రెండూ నిజంగానే ఆ ఊరివి.

సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, రాత్రంతా కూర్చునే తీరిక పోయింది. ఊరూరా బండి కట్టుకుని తిరిగి, గింజలూ డబ్బులూ తెచ్చుకున్న బతుకు సాగలేదు. అదే తోలు, అదే ఉలి, అదే రంగు లాంతరు గూళ్లలోకి, తలుపు తెరల్లోకి, గోడ బొమ్మల్లోకి మళ్లాయి. 2008లో ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇప్పుడు నిమ్మలకుంట గూడు వెలిగే హోటళ్లూ ఇళ్లూ ఎక్కడెక్కడో ఉన్నాయి. డాలీ కూడా 1937లో దుస్తుల రూపకర్త స్కియాపరెల్లి కుట్టే గౌను మీద పెద్ద ఎర్ర రొయ్య వేశాడు. కల బట్టగా, సామానుగా మారడం తప్పని నేననను. ఆ గూళ్లే లేకపోతే ఈ పాటికి ఉలి పట్టే చెయ్యి బెంగళూరులో ఇటుకలు మోస్తుండేది. పైగా గూటిలో కూడా దీపం తోలు వెనకే ఉంటుంది. ఆ మర్యాద దక్కింది.

నన్ను పట్టి పీడించేది ఒకటే. గూటికి కీలు అక్కర్లేదు. మోచేయి వంగాల్సిన పని లేదు, చెయ్యి మెల్లగా దిగాల్సిన పని లేదు. ముఖం, కిరీటం, కన్నాలు, రంగు, అన్నీ గూటితో బతికిపోతాయి. ముడి ఎంత బిగించాలన్న తెలివి మాత్రం గూటిలో ఉండదు, పద్యమూ ఉండదు. పిల్లలకు బొమ్మలు గీయడం నేర్పే ఇళ్లు చాలా చూశాను. ఆడించడం నేర్చిన పిల్లలు తక్కువ. కొనేవాళ్లకు నా మనవి ఒక్కటే. గోడకు తగిలించుకునేదయినా సరే, కీళ్లున్న బొమ్మనే అడగండి. పుల్లలు కట్టించుకోండి. ఒక్క రాత్రయినా ఇంట్లో దుప్పటి కట్టి, వెనక బల్బు పెట్టి, ఆ చేయి ఎత్తి దించి చూడండి. గృహప్రవేశానికి, తిరణాలకు, బడి వార్షికోత్సవానికి డీజే పెట్టే డబ్బుతో ఒక ఆట కట్టించవచ్చు.

మొన్న వెళ్లినప్పుడు ఆ వసారాలో గూళ్ల వరస మధ్య పాత హనుమంతుడొకడు గోడకు ఆనించి ఉన్నాడు. వాడి వాడి తోలు నల్లబడింది, తోక చివర అతుకులు. మోచేతి దారం తెగి చెయ్యి ఊడింది. అక్క చేస్తున్న గూడు పక్కన పెట్టి ఆ బొమ్మను ఒళ్లోకి తీసుకుంది. కొత్త దారం నోట్లో తడిపి, కన్నంలో దూర్చి, అటొక ముడి ఇటొక ముడి వేసింది. పదేళ్ల మనవరాలు పుల్ల పట్టుకుని చెయ్యి పైకెత్తింది. విడిచింది. చెయ్యి ఠక్కున పడిపోయింది.

"వదులైంది" అనింది అక్క. ముడి విప్పి, దారం ఇంకొక్క చుట్టు చుట్టి, మళ్లీ కట్టింది. "ఇప్పుడు ఎత్తు."